రాహేలమ్మ కొళాయి

పోయిన నెలలో ఒకరోజు నంద్యాల పార్కుకు పోయాను. పోవలసిన పనేమీ లేదు. రిటైరైన మనిషి సాయంత్రం అయిదు గంటలకు ఇంట్లో ఉంటే ఇంట్లోవాళ్లకు అడ్డం, బజారులో ఉంటే బండ్లకు అడ్డం. పార్కులో అయితే ఎవరికీ అడ్డం కాను. అందుకని పోయి, కొళాయి పక్కనున్న రాతిబెంచీ మీద కూర్చున్నాను.

కొత్తగా పెళ్లయిన జంట ఒకటి నీళ్ల కోసం కొళాయి దగ్గరికి వచ్చింది. గడివేముల వైపు పల్లె ఏదో అయివుంటుంది. ఆ పిల్ల చేతికి ఇంకా పసుపుదారం ఉంది. మొగుడు నీళ్లు తాగేదాకా ఊరికే ఉండలేక, కొళాయి గోడకు అతికించిన నల్లరాతిని కూడబలుక్కుని చదివింది. "దాత, శ్రీమతి రాహేలమ్మ గారు." చదివి, "ఎవురీమె?" అని అడిగింది.

అతను మూతి తుడుచుకుంటూ, "ఎవురో ఉన్నోళ్లులే. లేనోళ్ల పేర్లు రాళ్ల మీద యాడ చెక్కుతారు" అన్నాడు.

నేను వాళ్లకు రెండు బారల దూరంలో ఉన్నాను. ఆమె ఎవరో చెప్పగలిగిన మనిషిని ఇప్పుడు ఈ ఊళ్లో నేనొక్కణ్ణే. నోరు తెరవలేదు. వాళ్లు సీసాలో నీళ్లు పట్టుకుని వెళ్లిపోయారు. అప్పటినుంచి, ఈ కొళాయికి ఆమె పేరు పెట్టిన పెద్దాయన నా కళ్ల ముందునుంచి కదలడం లేదు. చనిపోయి నాలుగేళ్లయింది.

ఆయన పేరు రాయను. తన పేరు ఎక్కడైనా రాయడమంటే ఆయనకు గిట్టేది కాదు. జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా సంతకం పెట్టేవాడు కాదు. అర్జీ రాస్తే కింద 'పార్కు రేడియో మనిషి' అని రాసి ఊరుకునేవాడు. అది పేరు కాదు, అర్జీ చెల్లదు అని మా మునిసిపాలిటీ హెడ్‌క్లర్కు కోప్పడితే, "పేరు రాస్తే మాత్రం చెల్లుతాదా సారూ" అని అడిగాడు. 

ఇళ్లల్లో రేడియోలు అంతగా లేని కాలం అది. పార్కు మధ్యలో చిన్న గది, గది నెత్తిన నాలుగు దిక్కులకు నాలుగు హారన్లు. సాయంత్రం వార్తలు, పాటలు, పొలం కబుర్లు. ఆ గది ఆయనది. పొద్దున చెట్లకు నీళ్లు పోయడం, సాయంత్రం రేడియో పెట్టడం ఆయన పని. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. ఎడమచేతి బొటనవేలు చదునుగా అణిగిపోయి ఉండేది. ఆఫీసు ఇచ్చిన ఖాకీ చొక్కాకు రెండే గుండీలు మిగిలితే ఆ రెంటినీ తప్పకుండా పెట్టుకునేవాడు. స్విచ్చి ముట్టుకునే ముందు ప్రతిసారీ చేతులు కడుక్కుని, తువ్వాలతో వేలు వేలూ తుడుచుకునేవాడు. కరెంటుతో పని కదా అని నేననుకున్నాను. తరవాత తెలిసింది, అన్నం ముందు కూడా అంత శ్రద్ధగా కడుక్కోడని.

పార్కులో ఎక్కడా కూర్చునేవాడు కాదు. బెంచీలు తుడిచేవాడు, పక్కన నిలబడి మాట్లాడేవాడు, కాళ్లు లాగితే ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారేవాడు. కూర్చోమంటే "కానీలే అప్పా" అనేవాడు. ఆఫీసులో నేను 'సారూ', పార్కులో 'అప్పా'. ఈ తేడాను ఆయన ఒక్కసారి కూడా తప్పలేదు. 'కానీలే' మాత్రం రెండు చోట్లా ఉండేది. కొళాయి గొట్టం పగిలినా కానీలే, జీతం ఆలస్యమైనా కానీలే. ఆ మాటలో కోపం ఉండేది కాదు. చాలా దూరం నడిచొచ్చిన మనిషి చెప్పులు విడిచేటప్పుడు అనుకునే మాటలా ఉండేది.

వయసులో ఉండగా పార్టీలో తిరిగాడని, రెండేళ్లు జైల్లో ఉన్నాడని అందరికీ తెలుసు. ఆ పార్టీ తరవాత రెండుగా చీలింది. నువ్వు ఏ వైపు ఉన్నావు పెద్దాయనా అని ఒకసారి అడిగాను. "నేను కొళాయి కాడ ఉండా. పాదులకు నీళ్లు పడతాండా" అన్నాడు. నిజంగానే అప్పుడు ఆయన చేతిలో గొట్టం ఉంది.

పార్కులో పిల్లలు తప్పిపోవడం, జనం వస్తువులు మరచిపోవడం రోజూ ఉండేదే. దొరికినవి గది దగ్గరికి చేరేవి. ఆయన పాట మధ్యలో ఆపి, మొహం పక్కకు తిప్పి దగ్గి, మైకులో చెప్పేవాడు. గొంతు పెంచేవాడు కాదు. "పచ్చగౌను పాప దొరికింది. రాహేలమ్మ కొళాయి కాడ ఉండాది. వాళ్లమ్మ బేగా రావాల." "ఎవురిదో క్యారియరు పుల్లన్న బండ మీద ఉండాది." "హుసేనప్ప పందిరి కింద చెప్పులు విడిసినాయన, ఒక చెప్పు కుక్క తీసకపోయింది, రెండోది వచ్చి తీసుకోండి."

రాహేలమ్మ ఎవరు, పుల్లన్న ఎవరు అని ఎవరూ అడగలేదు. బిడ్డ దొరికిందంటే తల్లి పరుగెత్తుతుంది గాని పేరు సంగతి అడుగుతుందా? రెండు మూడేళ్లలో ఊరందరికీ ఆ పేర్లు నోటికొచ్చాయి. పాములపాడు నుంచి సంతకు వచ్చినవాళ్లు కూడా "నాలుగింటికి పుల్లన్న బండ కాడ ఉంటా" అని చెప్పుకునేవాళ్లు. జనం హుసేనప్ప పందిరి అనే ఆ పూలపందిరికి ఎవరో మంత్రి పేరుతో ఒక రాయి ముందే ఉంది. ఆ మంత్రే వచ్చి ప్రారంభించాడు. ఆ పేరు నాకు కూడా గుర్తులేదు, రిజిస్టరులో 'ప్రారంభించినవారు' గడిలో రాసింది నేనే అయినా.

నేను మా ఆఫీసులో పార్కులు, వీధిదీపాల గుమాస్తాను. ఏడాదికోసారి పోయి బెంచీలు, కొళాయిలు, పూలకుండీలు ఉన్నాయో లేదో చూసి రాసుకోవాలి. అలా పోయినప్పుడే ఈ పేర్లేంటని అడిగాను. చెప్పాలా వద్దా అన్నట్టు నా మొహం చూసి చెప్పాడు. పుల్లన్న అవుకు నుంచి కొండల మీదుగా నడిచి పార్టీ రహస్యపు చీటీలు మోసినవాడు, జైల్లో జ్వరమొచ్చి పోయాడు. హుసేనప్ప దర్జీ. జెండాలు కుట్టినందుకు వేళ్లు విరగ్గొట్టారు, ఆ తరవాత ఎక్కువ కాలం బతకలేదు. రాహేలమ్మ దగ్గరికి వచ్చేసరికి, "ఆమె కూలికి పొయ్యేది. మా జెండా కింద సచ్చిపోయింది" అని ఆపేశాడు. మరి కొళాయికే ఎందుకు పెట్టావంటే, "కొళాయి కాడ ఎవురూ కొలవరు కదప్పా" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా తల ఊపడం ఆఫీసులో బాగా అలవాటైపోయింది నాకు.

ఎమర్జెన్సీ వచ్చింది. ఒకరోజు మఫ్టీలో ఒక కానిస్టేబులు వచ్చి, నా టేబులు ముందు కూర్చుని, మర్యాదగా టీ తాగి, పార్కు మైకులో ఎవరెవరివో పేర్లు చెబుతున్నారట, అవి ఎవరివో రాసివ్వాలన్నాడు. ఆ రోజుల్లో పాత పార్టీవాళ్లను ఊళ్లో ఒక్కొక్కరినే తీసుకుపోతున్నారు. నా పైఆఫీసరుకు చెబితే నువ్వే చూసుకొమ్మన్నాడు. నేను సీటులో కూర్చుని పార్కు రిజిస్టరు తెరిచాను. అందులో ప్రతి వస్తువుకూ ఎదురుగా 'దాత పేరు' అని ఒక గడి ఉంటుంది. మా పార్కులో సగం బెంచీలు ఎవరో ఒకరు వాళ్ల పెద్దల పేరు మీద ఇచ్చినవే. ఈ మూడింటికీ ఎదురుగా గడి ఖాళీగా ఉంది.

నింపేశాను. పుల్లన్న, హుసేనప్ప, రాహేలమ్మ. పాత సిరాకు దగ్గరగా ఉంటుందని నీలిసిరాలో నీళ్లు కలిపి మరీ రాశాను. పైన పేర్కొన్నవి దాతల పేర్లు మాత్రమేనని, రాజకీయాలతో వాటికేమీ సంబంధం లేదని మనవి చేస్తూ కాగితం పంపాను. కానిస్టేబులు మళ్లీ రాలేదు. కాగితం పంపిన సాయంత్రం నా నడక మారిపోయింది. ఒక మనిషిని జైలునుంచి తప్పించాను కదా. పార్కుకు పోయి, నీ పేర్ల సంగతి సర్దేశాను, భయం లేదు అని చెప్పాను. ఎట్లా సర్దావని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. అప్పుడే చెప్పివుంటే ఏమైనా చేసేవాడేమో. "మంచిదప్పా" అని చేతులు కడుక్కోవడానికి పోయాడు.

ఆరు నెలలకు కొత్త ఆఫీసరు వచ్చాడు. అన్నీ క్రమంగా ఉండాలనే మనిషి. రిజిస్టరు చూసి, ముగ్గురు దాతలకు రాళ్లు ఎందుకు లేవు, దాతల్ని ఇలాగేనా గౌరవించేది అని నన్ను నిలబెట్టి అడిగాడు. ఏమని చెప్పను? అదే వారం ఆళ్లగడ్డకు రాళ్లు పురమాయించారు. నా సర్వీసంతటిలో పది రోజుల్లో పూర్తయిన ఫైలు అదొక్కటే.

రాళ్లు ఆళ్లగడ్డ నుంచి ఏదో గుడి విగ్రహంతోపాటు లారీలో వచ్చాయి. పార్కు గేటు దగ్గర దింపించడానికి నేను పోయాను. ముందే పోయి ఆయనకు విషయం చెప్పాలని వారం రోజులుగా అనుకుంటూ, రేపు రేపు అని తప్పించుకుంటూ వచ్చాను. చుట్టిన గడ్డి తీసి రాహేలమ్మ రాయి చూసింది ఆయనే. చదవలేదు. అణిగిపోయిన బొటనవేలిని అక్షరాల గాట్లలో పెట్టి మొదటినుంచి చివరిదాకా నడిపించాడు.

"చెక్కడం బాగుండాది. మా అక్క కొడుకు చెయ్యి ఇది" అన్నాడు.

వాళ్లది ఆళ్లగడ్డలో రాతిపని చేసే ఇల్లని, పార్టీలోకి పోయేదాకా ఆయన చేతిలో కూడా ఉలే ఉండేదని, ఆ బొటనవేలు సుత్తిదెబ్బకు అణిగిందని నాకు ఆరోజే తెలిసింది. మళ్లీ మొదటి మాట దగ్గరికి వేలు తెచ్చి ఆపాడు. అప్పుడు కూర్చున్నాడు. పార్కులో ఆయన కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే, అదీ నేల మీద.

"ఆమె ఏమీ ఇయ్యల్యాదప్పా. అడిగింది. అడిగినందుకు సంపినారు."

నేను చేసినదంతా అక్కడే నిలబడి చెప్పాను. విన్నాడు. తరవాత ఆయన చెప్పాడు. ఒక పల్లెలో జొన్న కోతలప్పుడు కూలివాళ్లకు గింజలు కొలిచే పడి అడుగున రైతు చెక్కబిళ్ల వేయించాడు. పైనుంచి చూస్తే నిండుగా కనిపించేది, ఇంటికి పోయి పోసుకుంటే ముప్పాతికే ఉండేది. అడగండి అని ఆడవాళ్లకు చెప్పింది ఈయన. అప్పుడాయనకు ఇరవై ఏళ్లు కూడా లేవు. అందరూ తల ఊపారు. మరుసటి రోజు కళ్లంలో రాహేలమ్మ ఒక్కతే కొంగు చాటునుంచి తన ఇంటి పడి తీసి రైతు ముందు పెట్టి, దీంతో కొలవమంది. పొద్దుగుంకే వేళకు ఆమెను వంక దగ్గర పట్టుకుని కొట్టారు. మూడో రోజు పోయింది. ఆమె కళ్లంలో పడి పెట్టినప్పుడు ఈయన ఇంకో ఊళ్లో, ఇంకో మీటింగులో ఉన్నాడు.

"అడగమని సెప్పింది నేను" అన్నాడు. 

నేను ఏడ్చాను. ఏడ్చానని రాసుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. ఆయన ఏడవలేదు. కాసేపటికి లేచి, సిమెంటు కలిపి, ఆ రాతిని కొళాయి గోడకు ఆయనే పెట్టాడు. తాడు కట్టి, వంకర లేకుండా చూసి మరీ పెట్టాడు. ఎందుకంటే అది ఆఫీసు ఉత్తరువు, ఆయన ఆఫీసు మనిషి. రాతిపని తెలిసినవాడు రాతిని వంకరగా పెట్టలేడు కూడా.

ఆ రోజునుంచి మైకులో ఆయన ఆ పేరు చెప్పలేదు. "బాబు దొరికినాడు, కొళాయి కాడ ఉండాడు" అనేవాడు. వచ్చిన తల్లులు మాత్రం "రాహేలమ్మ కొళాయి యాడుండాది" అని అడుగుతూ వచ్చేవాళ్లు.

ఎమర్జెన్సీ పోయింది. ఎన్నికలయ్యాయి. భయపడినవాళ్లంతా బయటికొచ్చి, భయపడలేదని చెప్పుకున్నారు. ఆయన ఒక సోమవారం అర్జీ తెచ్చాడు. గీతల కాగితం మీద ఒకే వాక్యం. 'కొళాయి రాతి మీద దాత అను మాట తీసివేయవలెనని కోరుచున్నాను.' పేరు తీయమనలేదు, శ్రీమతి తీయమనలేదు, మిగతా రెండు రాళ్ల సంగతి ఎత్తలేదు. "గారు అంటే నాకేం బాధ ల్యాదు సారూ, ఆమెను గారూ అని ఒక్కరన్నా అనాల్సిందే. ఆ మొదుటి మాటొకటి తీపించండి" అన్నాడు. పరిశీలిస్తామని చెప్పాను. మరుసటి సోమవారం మళ్లీ అదే కాగితం, అదే వాక్యం. ఇస్తాడు, కుండలో నీళ్లు ముంచుకుని తాగుతాడు, పోతాడు. వాదన లేదు, కోపం లేదు. కోప్పడివుంటే నాకు తేలికగా ఉండేది.

ఏడాది దాకా అలా జరిగింది. కాగితాలన్నీ నా సొరుగులో ఉన్నాయి. ఏ ఒక్కటీ పైకి పంపలేదు. పంపితే రిజిస్టరు తీస్తారు. తీస్తే దాతల గడిలో నా చేతిరాత కనిపిస్తుంది, పోలీసులకు అబద్ధం రాసిచ్చింది నేనని తేలుతుంది. ఇంటి దగ్గర ముగ్గురు పిల్లలు, ముసలి తల్లి. చివరికి ఒక సోమవారం ఆయన్ను వరండాలోకి పిలిచి ఈ మాట చెప్పేశాను. ఆయన గోడ వైపు చూస్తూ విన్నాడు. ఆ పై సోమవారం కూడా వచ్చాడు, చేతిలో కాగితం లేదు. "ఈ వారం ఏమీ ల్యాదు సారూ, ఊరికే వచ్చినా" అని నీళ్లు తాగి పోయాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. కాని ఒక్క మాట దాచకుండా రాయాలి కాబట్టి రాస్తున్నాను. గుండెల మీది బరువు దిగినట్టు కూడా అయింది.

ఇంటింటికీ రేడియోలు వచ్చాయి. హారన్లు తుప్పు పట్టాయి. ఆయన రిటైరై ఆళ్లగడ్డలో మేనల్లుడి ఇంటికి పోయాడు. ఒంట్లో బాగాలేదని తెలిసి ఒక ఆదివారం బస్సెక్కి పోయాను. ఈసారి ఊరికే పోలేదు. రిజిస్టరులో నేను రాసింది తప్పు, సరిదిద్దాలి అని కాగితం రాసి, సంతకం పెట్టి, జేబులో పెట్టుకుని పోయాను. ఆయన చూసి సరే అంటే సోమవారం పొద్దున ఇచ్చేద్దామని. అప్పటికి నాకు ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది.

ఇంటి ముందు షెడ్డులో ఉలుల చప్పుడు. ఆయన లోపల నులకమంచం మీద ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, లేవలేక, "రాప్పా" అన్నాడు. కాగితం ఇచ్చాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని మెల్లగా చదివాడు. చదివి, నాలుగు మడతలు పెట్టి నా జేబులో ఆయనే పెట్టాడు.

"నీ చిన్నోడు ఏం సదువుతాండాడు?" అని అడిగాడు.

ఇంటర్ అని చెప్పాను.

"అయితే కానీలే. రాయి యాడికీ పోదు. ఎవురన్నా అడిగితే మాత్రం సెప్పు, ఆమె ఎవురో."

చెబుతానన్నాను. ఆయన చేయి పట్టుకుని మరీ అన్నాను.

వచ్చేటప్పుడు మేనల్లుడు బస్టాండుదాకా తోడు వచ్చాడు. దారిలో చెప్పాడు. ఆ సోమవారాలు ఆగిపోయిన తరవాత మామ ఒకసారి ఆళ్లగడ్డకు వచ్చి ఒక ఉలి, చిన్న సుత్తి అడిగి తీసుకుపోయాడట. రాతి మీద ఒక్క మాట చెరిపేయడం మామ చేతికి అరగంట పని, చేసేస్తాడనే అనుకున్నాడట. వారానికి తిరిగి తెచ్చిచ్చాడట, పదును పోలేదట. ఏమని అడిగితే, "ఆయప్ప పిల్లోళ్లు గలోడు" అన్నాడట. ఆ ఆయప్ప నేనేనని మేనల్లుడికి తెలియదు. అంత నడిచినా నేనే ఆ మనిషినని చెప్పలేకపోయాను. రెండు నెలలకు ఆయన పోయినట్టు కార్డు వచ్చింది.

నేను రిటైరై ఏడాది దాటింది. పింఛను వస్తోంది, చిన్నవాడు కూడా ఉద్యోగంలో చేరాడు. ఇప్పుడు నన్ను ఎవరూ ఏమీ చేయలేరు. అయినా పోయిన నెలలో ఆ కొత్త పెళ్లికూతురు 'ఎవురీమె' అని అడిగితే నోరు రాలేదు. అడిగింది మొగుణ్ణి కదా, నన్ను కాదు కదా అని అనుకున్నాను. నా సర్వీసంతా ఇలాంటి సాకులతోనే గడిచింది. వాళ్లు గేటు దాటాక లేచి పరుగులాంటి నడకతో పోయాను. రోడ్డు మీద గడివేముల బస్సు కదిలిపోతోంది. అందులో ఎక్కారో, ఎక్కలేదో కూడా తెలియదు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. అమ్మా, నువ్వు అడిగావు. ఆ రాయి మీద మొదటి మాట అబద్ధం, అది నేను రాసింది. రాహేలమ్మ ఉన్నవాళ్ల మనిషి కాదు. కూలికి పోయేది. తన ఇంటి పడి తెచ్చి కళ్లంలో పెట్టి, దీంతో కొలవమని అడిగింది.